ఎడమ పక్క కుర్చీ

జనవరి 18, ఆదివారం

వదినకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ నాకు తెలిసింది ఒక వైపు కుశలమే. అందుకని ఆ సగమే రాస్తున్నాను: ఇక్కడ మేమంతా బాగున్నాం. రెండో సగం నువ్వు పూర్తిచేసి పంపాలి.

ఉత్తరమేమిటి, ఫోను లేదా అంటావని తెలుసు. ఫోనులో నీకు పంపినవన్నీ చదవకుండా అలాగే పడి ఉన్నాయి. నంబరు మార్చావో, నా మీద అలిగావో తెలియదు. ఇల్లు కూడా మారావని ఎవరో అన్నారు. నీ ఆఫీసు అడ్రసు ఒక్కటే నా దగ్గర మిగిలింది కాబట్టి అక్కడికే రాస్తున్నాను. కాయితం మీద పెన్ను పెట్టి చాలా ఏళ్ళయింది, నా చేతిరాత చూసి నవ్వకు. మా అమ్మాయి ఇప్పటికే నీ వాటా కూడా నవ్వేసింది.

అసలు సంగతి, నా ఉద్యోగం పోయింది. నా ఒక్కదానిదే కాదు, మన టీము మొత్తం పోయింది. ఒక మంగళవారం పొద్దున చిన్న మీటింగు అని పిలిచారు. మీటింగు ముగిసి బయటికొచ్చేసరికి నా కార్డుకి మన హాలు తలుపు తెరుచుకోలేదు. చున్నీ లోపల, నేను బయట. సెక్యూరిటీ అతను పాపం లోపలికి వెళ్ళి నా సామానంతా ఒక అట్టపెట్టెలో వేసి తెచ్చిచ్చాడు. నీ పాత దువ్వెన కూడా వచ్చింది అందులో. ఏడుపు రాలేదు వదినా, ఒళ్ళు మండిపోయింది. లిఫ్టులో కిందికి దిగుతూ, ఇదే నువ్వుంటే ఈపాటికి ఎవరెవరిని ఏమేం తిట్టేదానివో అనుకుంటూ వచ్చాను. కాస్త ఊరటగా అనిపించింది.

నాకు ఆ ఆఫీసు పోయినందుకు బాధ లేదు. నువ్వు వెళ్ళిన రోజే అది సగం పోయింది. మనల్ని జంటకవులు అనేవారు చూడు! ఒక తెర, ఒక కీబోర్డు, రెండు కుర్చీలు. నేను ప్రోగ్రాము టైపు చేస్తుంటే నా ఎడమ పక్కన నువ్వు కూర్చుని చెప్పడం, నువ్వు టైపు చేస్తుంటే నేను నస పెట్టడం. ప్రతిదానికీ ఏమంటావ్ వదినా అని నేనడగడం, ఏమంటాను వదినా, తగలెయ్ అని నువ్వనడం. పదకొండేళ్ళు అలా గడిచాయి. ఆవిడ నీకు ఏ వైపు చుట్టరికంతో వదినయ్యిందే అని మా అత్తయ్య ఇప్పటికీ అడుగుతుంది. కీబోర్డు వైపు అత్తయ్యా అని చెప్పాను.

నువ్వు ఆ ఊళ్ళో చేరుతూ నన్నూ రమ్మన్నావు. అమ్మాయి బడి, అత్తయ్య మోకాళ్ళు, ఆయన ఉద్యోగం, ఏదీ కదిలేలా లేదు, నేను రాలేకపోయాను. మొదట్లో రోజూ మాట్లాడుకున్నాం. తర్వాత ఆదివారాలు. తర్వాత పుట్టినరోజులు. ఆ తర్వాత ఎవరు ముందు ఫోను చేయాలో తెలియక ఇద్దరం ఊరుకున్నాం. దెబ్బలాడుకుని ఉంటే బాగుండేది, కనీసం రాజీ పడటానికి ఏదో ఒకటి ఉండేది.

ఇప్పుడు విను. నేను ఇంట్లో కూర్చున్న కొద్దిరోజులకే మీ ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. మీలాంటి అనుభవం ఉన్నవాళ్ళ కోసం ఒక ఖాళీ ఉంది, ఇంటర్వ్యూకి వస్తారా అని. నేనేమో దరఖాస్తు కూడా పెట్టలేదు! ఇది నీ పనే అని అక్కడికక్కడే అర్థమైంది. నా పేరు చెప్పేసి ఏమీ ఎరగనట్టు కూర్చున్నావు కదూ? ఇంటర్వ్యూలు నడుస్తున్నంతకాలం లోపలివాళ్ళు బయటివాళ్ళతో మాట్లాడకూడదేమో, అందుకే ఆవిడ పలకట్లేదేమో అని మా ఆయన అన్నారు. నాకూ అదే నిజమనిపించింది. నిజమనే అనుకుంటాను, లేకపోతే రోజులు గడవట్లేదు.

ఇంట్లో ఈసారి అందరూ సరేనన్నారు. ఏ ఊళ్ళోనైనా లెక్కల మాస్టారికి బడి దొరుకుతుందిలే అన్నారు ఆయన. అమ్మాయి ఎలాగూ కాలేజీకి మారాలి. అత్తయ్యనడిగితే, మోకాళ్ళు ఎక్కడైనా నొప్పే కదే, పద అంది. ఇక మిగిలింది నేను ఇంటర్వ్యూ గట్టెక్కడమే. అది గట్టెక్కితే మళ్ళీ నీ పక్కన కూర్చుంటాను. నాకు ఇంకే కోరికా లేదు వదినా, నమ్ము.

నాకో గురువు దొరికింది. వయసులో చిన్నది, పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. ఉద్యోగాలు పోయిన మాలాంటి వాళ్ళకి శనివారాలు ఉత్తుత్తి ఇంటర్వ్యూలు పెట్టి తర్ఫీదిస్తుంది. తనకీ ఒకప్పుడు ఎవరో ఇలాగే నేర్పారట. నన్ను అక్కా అక్కా అంటూనే చెవి మెలేస్తుంది. హెడ్మాస్టరమ్మ అని పేరు పెట్టాను, ఎదురుగానే.

మొదటి శనివారం ఒక లెక్క ఇచ్చింది. మన రోజుల్లో టీ తాగుతూ చేసిపారేసే రకం. చేసేశాను, తప్పేమీ లేదు. చేశాక, జవాబు కరెక్టే అక్కా, కానీ మీరు ఫెయిల్ అంది! ఎందుకమ్మా అంటే, ఇంతసేపట్లో ఒక్క మాట మాట్లాడలేదు, మీరు ఆలోచిస్తున్నారో కునుకు తీస్తున్నారో వాళ్ళకెలా తెలియాలి, మనసులో అనుకునేదంతా పైకి అనండి అంది. ఎవరితో అనను? ఎదురుగా తెలిసిన మొహం ఉంటే గంటలకొద్దీ మాట్లాడతాను గానీ, ఒక్కదాన్నే కూర్చుని గోడతో మాట్లాడమంటే నాకు నోరు పెగలదు. రెండో శనివారం అంతే, మూడో శనివారం అంతే. ఆ పిల్లకి నాతో తల ప్రాణం తోకకొచ్చింది.

ఆఖరికి, మీరు ఎప్పుడైనా ఎవరితోనైనా కలిసి పనిచేశారా అని అడిగింది. నీ గురించి చెప్పాను. మొదలుపెట్టానే గానీ ఆపలేదు కాబోలు, ఆ శనివారమంతా నీ కథతోనే అయిపోయింది. అంతా విని, అయితే ఆవిడ మీ పక్కనే ఉన్నారనుకోండి, నాకు చెప్పొద్దు, ఆవిడకే చెప్పండి అంది. నా ఎడమ పక్కన ఒక కుర్చీ వేసుకున్నాను. నవ్వకు! పనిచేసింది. నోటికి వేసిన తాళం ఊడింది. ఇప్పుడు నేను మాట్లాడుతుంటే ఆపడం హెడ్మాస్టరమ్మ తరం కావట్లేదు.

జవాబు రాయకపోయినా పరవాలేదు. వస్తున్నాను, కాచుకో.

నీ
వదిన


మార్చి 8, ఆదివారం

వదినకు,

క్షేమసమాచారాలు తర్వాత. కొంప మునిగింది, ముందు అది విను.

మొన్న మీ ఆఫీసువాళ్ళ ఇంటర్వ్యూ అయింది, మొదటి రౌండు, ఇంట్లోంచే కంప్యూటరు మీద. తెర మీద ఇద్దరు. ఒకాయన నవ్వని మనిషి. ఇంకొకావిడ పెద్దావిడ, కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని దానికోసమే వెతుక్కునే రకం. నీకు తెలిసే ఉంటుంది. హెడ్మాస్టరమ్మ ముందే నా చేత ఒట్టు పెట్టించుకుంది, అక్కడ మీ స్నేహితురాలి పేరు ఎత్తొద్దు, సిఫార్సు మీద బతికేదనుకుంటారు అని. ఎత్తలేదు. నాలుక చివరిదాకా వచ్చినా మింగేశాను.

ప్రశ్న ఏమిటో తెలుసా? బస్సులో ఒకే సీటు మిగిలింది, ఇద్దరు ఒకే క్షణంలో బుక్ చేయబోయారు, మీ సాఫ్ట్‌వేరు ఏం చేయాలి అని. నవ్వొచ్చింది నాకు. టికెట్ల సాఫ్ట్‌వేరు రాసుకుంటూ ఆ సీటుతో మనం ఎన్నేళ్ళు కాపురం చేశాం! ముందు నొక్కినవాళ్ళ పేరున సీటు పట్టి ఉంచాలి, రెండోవాళ్ళని కాస్త ఆగమనాలి, అంటూ ఎక్కడా తడుముకోకుండా చెప్పుకుపోయాను. ఆ నవ్వని ఆయన మొహంలో కూడా కొంచెం కదలిక వచ్చింది. సరే, పట్టి ఉంచినవాళ్ళు డబ్బు కట్టకుండా కూర్చుంటే ఎంతసేపు ఆగుతారు అని అడిగాడు.

అది ఎప్పుడూ నీ లెక్క కదా. నాది కాదు. నేనేం చేశానంటే, ఎడమ పక్కకి తిరిగి, ఏమంటావ్ వదినా, వదిలేద్దామా, ఇంకాసేపు ఉంచుదామా అని అడిగాను. అడిగి ఊరుకున్నా బాగుండేది. నీ జవాబు కోసం ఆగాను! ఊఁ ఊఁ అని తల కూడా ఊపానట. నాకైతే గుర్తులేదు.

 ఆ నవ్వని ఆయన, మీ గదిలో ఇంకెవరున్నారండీ అన్నాడు.  ఈ మధ్య కొందరు కెమెరాకి కనపడకుండా పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుని, వాళ్ళు చెప్పింది చెప్పేస్తున్నారట. హెడ్మాస్టరమ్మ అది కూడా చెప్పింది నాకు, జాగ్రత్త అని. నేనేదో నీళ్ళు నములుతుంటే, కెమెరా ఒకసారి ఆ పక్కకి తిప్పండి అన్నాడు. ఖాళీ కుర్చీయే కదా, చూపిస్తే సరిపోతుందని ధీమాగా తిప్పాను.

కుర్చీలో అత్తయ్య కూర్చుని ఉంది!

చచ్చాననుకో. ఎప్పుడొచ్చిందో, ఎలా వచ్చిందో తెలియదు, అటు తిరిగి అడిగినప్పుడు కూడా నా కళ్ళకి నువ్వే ఉన్నావు. ఒళ్ళో ఉతికిన బట్టలు వేసుకుని తీరిగ్గా మడతపెడుతోంది. మీరెవరండీ, ఈవిడకి జవాబులు చెబుతున్నారా అని ఆయన గట్టిగా అడిగాడు. అత్తయ్య ఏమాత్రం బెదరలేదు. నాకేం వచ్చు నాయనా, ఇది రోజూ ఈ ఖాళీ కుర్చీతోనే మాట్లాడుకుంటోంది, చూడలేక నేనొచ్చి కూర్చున్నాను, మనిషన్నాక ఎవరో ఒకరు ఉండాలి కదా అంది.

ఆ మాటకి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంటర్వ్యూలో ఏడ్చిన మనిషిని ఎక్కడైనా చూశావా? ఆ కళ్ళజోడావిడ అప్పటిదాకా పెద్దగా మాట్లాడలేదు. ఇంతకీ ఎవరమ్మా ఆ వదిన అని నెమ్మదిగా అడిగింది. వెనకటి ఆఫీసులో నాతో కలిసి పనిచేసిన మనిషండీ, ఆ సంగతి నాకంటే తనకి బాగా తెలుసు, అలవాటు కొద్దీ అడిగేశాను అన్నాను. పేరు మాత్రం చెప్పలేదు. సరే, కబురు చేస్తాం అన్నారు. కబురు చేస్తాం అంటే ఏమిటో మనకి తెలియనిదా!

హెడ్మాస్టరమ్మకి ఫోను చేసి జరిగింది చెప్పాను. ముందు తలంటుతుందనుకున్నాను.  తప్పు నాది అక్కా, నోరు తెరుచుకున్నాక ఆ కుర్చీ తీయించేయాల్సింది, మీరు మాట్లాడుతుంటే బాగుందని వదిలేశాను అంది. ఆ పిల్ల గొంతు విని నేనే దాన్ని ఊరడించాల్సి వచ్చింది.

అత్తయ్య మీద కోపం తెచ్చుకుందామని శతవిధాలా ప్రయత్నించాను, రాలేదు. మా ఆయన టీ పెట్టి తెచ్చిచ్చారు. అమ్మాయి మాత్రం, అమ్మా, ఇంకో కంపెనీ చూసుకో, బోలెడున్నాయి అంది. ఉన్నాయి. వేరే రెండుచోట్ల నుంచి పిలుపులు వచ్చాయి కూడా. ఏం చేసుకోను? ఆ రెండుచోట్లా నువ్వుండవుగా.

నీ మీద బెంగ పెట్టుకున్నాను వదినా. ఇంత వయసొచ్చాక, ఇంత సంసారం పెట్టుకుని, ఒక ఆఫీసు స్నేహితురాలి కోసం బెంగేమిటని నాకే సిగ్గేస్తుంది. మా ఆయన మంచివారు, పిల్ల మంచిది, అత్తయ్య సంగతి నువ్వు విన్నావు. అయినా, నేను సగం చెప్పగానే మిగతా సగం అందుకునే మనిషి ఇంట్లో లేదు. రోజులో ఎన్నిసార్లు ఎడమ పక్కకి తిరుగుతానో నాకే లెక్క తెలియదు.

ఒక్క ముక్క రాయవూ. నిబంధనలు ఒప్పుకోకపోతే కవరులో తెల్ల కాయితం పెట్టి పంపు, నాకు అర్థమవుతుంది.

నీ
వదిన


ఏప్రిల్ 10, శుక్రవారం

వదినకు,

తీపి కబురు! ముందు కూర్చో. వచ్చింది. ఉద్యోగం వచ్చింది వదినా!

ఎలా వచ్చిందని అడగవేం? నేను ఆశ వదిలేసుకుని వేరేచోటికి తయారవుతుంటే, మీ ఆఫీసు నుంచి ఫోను, రెండో రౌండు, ఈసారి స్వయంగా రావాలి అని. హెడ్మాస్టరమ్మ ఎగిరి గంతేసింది, ఫోనులోనే వినపడింది. మధ్యలో ఉన్న రెండు శనివారాలూ కుర్చీ లేకుండానే నన్ను తోమింది. ఎడమ పక్కకి మెడ తిప్పితే చాలు, అక్కా అని ఒక్క కేక.

రైలు దిగి సరాసరి మీ ఆఫీసుకే వచ్చాను. ఎంత పెద్ద భవనం వదినా! రిసెప్షన్ పక్కనే ఒక గదిలో తెల్లబోర్డు ముందు నిలబెట్టి అడిగారు. గదికి ఒక పక్కంతా అద్దమే. అవతల హాలు, వరసగా తలలు, తెరలు. బోర్డు మీద గీతలు గీస్తున్నానే గానీ నా కళ్ళు అటే. ఒక ముడి కనపడింది, నీలాగే పెన్సిలు గుచ్చి పెట్టుకున్న ముడి. నా చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆ మనిషి ఇటు తిరిగింది, నువ్వు కాదు. ఏదో మీటింగులో ఉంటావులే అనుకుని మళ్ళీ బోర్డు వైపు తిరిగాను.

ఒక్కదాన్నే నిలబడి అంతా పైకి చెప్పాను. ఎవరినీ ఏమీ అడగలేదు. నవ్వని ఆయన చివర్లో లేచి, బాగా చేశారండీ అన్నాడు. కళ్ళజోడావిడ నన్ను లిఫ్టు దాకా సాగనంపింది. ఏదో చెప్పబోయి, జాగ్రత్తగా వెళ్ళమ్మా అని ఊరుకుంది.

వారం తిరిగేసరికి నియామక పత్రం వచ్చింది, నిన్ననే సంతకం పెట్టి పంపేశాను. చేరేది వచ్చే నెల మొదటి సోమవారం. ఇల్లు మీ ఆఫీసుకి నడిచి వెళ్ళేంత దూరంలో చూస్తున్నారు ఆయన. అత్తయ్య అప్పుడే గిన్నెలు కట్టడం మొదలుపెట్టింది, ఉన్న నెల ఎలా వండుకోవాలో మాత్రం అడక్కూడదట.

హెడ్మాస్టరమ్మకి చెప్తే సంతోషంతో ఏడ్చేసి, ముక్కు తుడుచుకుని, మీ శనివారం ఇంకొకాయనకి ఇచ్చేస్తున్నానక్కా, చాలా రోజులుగా ఆగి ఉన్నారు అంది. మంచిదే కదా. అయినా కలుక్కుమంది. మరి నీకెవరున్నారే అని అడిగాను. ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటారక్కా, శనివారం ఎప్పుడూ ఖాళీగా ఉండదు అంది. అప్పుడప్పుడు ఫోను చేస్తానని మాటిచ్చాను. ఈసారి ఎవరు ముందు చేయాలన్న పేచీ లేదు, నేనే చేస్తాను.

ఇక నీకు కొన్ని హెచ్చరికలు. కీబోర్డు పొద్దున నాది, మధ్యాహ్నం నీది. పాత రోజుల్లోలా నేను రాసింది నా వెనకాల చెరిపేస్తే ఊరుకోను. ఎవరైనా కొత్తవాళ్ళు చుట్టరికం అడిగితే జవాబు నువ్వే చెప్పాలి, నేను చెప్పి చెప్పి అలిసిపోయాను. టీ మాత్రం రోజూ నేనే తెస్తాను. నువ్వు తెచ్చే టీ ఎవరూ తాగలేరు.

ఎన్ని మాటలు పేరుకుపోయాయో వదినా. ఆ సోమవారం పని ఏమీ సాగదు, మీ వాళ్ళకి ముందే చెప్పి పెట్టు.

నీ
వదిన

తా.క.: పైదంతా ఏమీ తెలియనట్టు రాశాను. తెలుసు వదినా. తెలిసే కూర్చుని రాశాను.

నిన్న సంతకం పంపిన కాసేపటికే కళ్ళజోడావిడ ఫోను చేసింది. నాకిచ్చిన సీటు నీదేనట. మన టీము పోయిందని వినగానే నువ్వే వెళ్ళి నా పేరు చెప్పి, నీ ఉద్యోగం వదిలేసి, ఫిబ్రవరి ఆఖరులో ఊరే వదిలి వెళ్ళిపోయావట. నీ పక్కన నాకో కుర్చీ వేయించమని రెండేళ్ళు వాళ్ళ ప్రాణాలు తోడావట, ఆ పనికి ఒక్కరికి మించి తీసుకోలేం అన్నారట. ఎక్కడో కాలేజీలో పాఠాలు చెప్పే పని ఆవిడకి ఎలాగూ వచ్చిందమ్మా, ఎలాగూ వెళ్ళేదే అంది ఆవిడ. ఆ ఎలాగూ అన్న మాట నేను నమ్మలేదు. నిజమో కాదో నువ్వే చెప్పాలి.

సంతకం పెట్టేదాకా నాకు తెలియనివ్వొద్దని ఆవిడ దగ్గర మాట తీసుకున్నావట, తెలిస్తే అది రాదండీ అన్నావట. నిజమే, వచ్చేదాన్ని కాదు. మొదటి ఉత్తరం నీ చేతికే ఇచ్చిందట, రెండోది నీ కొత్త అడ్రసుకి పంపిందట. రెండూ చదివి కూడా పలకలేదంటే ఎంత గుండె రాయి చేసుకున్నావే!

ఆ రోజు అంత తమాషా జరిగాక నన్ను మళ్ళీ ఎందుకు పిలిచారని అడిగాను. వదినని అడగడం నాకు కొత్త కాదమ్మా, ఇక్కడ కూడా ఒకావిడ రెండేళ్ళు కుడి పక్కకి తిరిగి అడుగుతూనే ఉండేది అంది.

 ఇవాళ పొద్దున కాయితం తీసి పై ఉత్తరం మొదలుపెట్టాను. రాస్తున్నంతసేపూ నువ్వా ఆఫీసులో ఉన్నావు, నేను వచ్చి నీ పక్కన కూర్చున్నాను, టీ కూడా తెచ్చాను. చింపేయబుద్ధి కాలేదు. అందుకే దీనితో పాటు పంపుతున్నాను, ఆవిడ ఇచ్చిన నీ కొత్త అడ్రసుకి.

సోమవారం వెళ్తాను. బుద్ధిగా పని చేస్తాను, నీ పరువు తీయను. కానీ వదినా, నేను బయల్దేరింది నీ దగ్గరికి.